పక్క ల్యాప్‌టాప్‌లో కూడా తెలుగు కనబడాలంటే
డిజైన్ చేసే కంప్యూటర్‌లో ఫాంట్లు సర్దుకునే పద్ధతి

పోస్టరు మన ల్యాప్‌టాప్‌లో చూస్తే ముచ్చటగా ఉంటుంది. అదే ఫైలు ప్రింటింగ్ షాపులో తెరిస్తే ‘స్త్రీ’ అనే మాట ముక్కలై, పొల్లులు విడివిడిగా నిలబడి, శీర్షిక రెండో లైనులోకి జారిపోతుంది. షాపతను ‘మా దగ్గర ఆ ఫాంట్ లేదండీ’ అంటాడు. ప్రతి ఫెస్ట్‌కి ముందు, ప్రతి కాలేజీలో, ఏదో ఒక డిజైన్ టీమ్‌కి ఈ అనుభవం తప్పదు. దీనికి కారణం డిజైన్ రాకపోవడం అనుకోనక్కర్లేదు. ఎక్కువసార్లు ఫాంట్లు సర్దుకోకపోవడమే అసలు కారణం.

ఈ పాఠంలో తెలుగు డిజైన్ పని చేసే కంప్యూటర్‌లో ఫాంట్లు ఎలా ఎంచుకోవాలి, ఎక్కడ పెట్టాలి, ఎలా పరీక్షించాలి, ఫైలు ఇంకొకరికి ఇచ్చేటప్పుడు ఏం చూసుకోవాలి అనేవి వరసగా చూద్దాం. ఖరీదైన సాఫ్ట్‌వేర్ ఏదీ అక్కర్లేదు. ఒక ఆదివారం మధ్యాహ్నం చాలు.

1. ముందు ఒక మూల సూత్రం

ఫోటో ఫైలులో ఫోటో ఉంటుంది. కానీ డిజైన్ ఫైలులో మామూలుగా ఫాంట్ ఉండదు, ఫాంట్ పేరు మాత్రమే ఉంటుంది. ‘ఈ అక్షరాలను మండలి ఫాంట్‌తో చూపించు’ అని ఫైలు అడుగుతుంది. ఆ ఫాంట్ కంప్యూటర్‌లో ఉంటే చూపిస్తుంది. లేకపోతే సాఫ్ట్‌వేర్ తనకు తోచిన ఇంకో ఫాంట్‌ని పెట్టేస్తుంది. కొన్ని సాఫ్ట్‌వేర్లు హెచ్చరిస్తాయి, కొన్ని ఏమీ చెప్పకుండానే మార్చేస్తాయి.

ఇంగ్లీషులో ఒక ఫాంట్ బదులు ఇంకోటి వస్తే అందం చెడుతుంది, అంతే. తెలుగులో లైన్ల మధ్య ఎడం కూడా మారిపోతుంది. ఒత్తులు కిందికి, గుడులు పైకి వెళ్తాయి కాబట్టి ఒక్కో తెలుగు ఫాంట్ ఒక్కో ఎత్తు తీసుకుంటుంది. పదహారు పేజీల పత్రికలో బాడీ ఫాంట్ మారితే అది పద్దెనిమిది పేజీలు అయినా ఆశ్చర్యం లేదు. బాక్సులో పెట్టిన కవిత ఆఖరి పాదం బాక్సు కింద మాయమైపోవచ్చు, అది ఎవరూ గమనించకపోవచ్చు కూడా.

కాబట్టి గుర్తుంచుకోవాల్సింది ఇది: మన స్క్రీన్ మీద కనబడటం వేరు, ఫైలులో ఉండటం వేరు. కింద చెప్పుకోబోయే పనులన్నీ ఈ రెండింటి మధ్య దూరం తగ్గించడానికే.

2. తెలుగు ఫాంట్లు రెండు జాతులు

యూనికోడ్‌లో తెలుగుకి 1991లో వచ్చిన మొదటి వెర్షన్ నుంచే చోటు ఉంది. మొత్తం 128 స్థానాలు. అందులో అచ్చులు, హల్లులు, గుణింతపు గుర్తులు, పొల్లు, అంకెలు ఉంటాయి. ఒత్తులకు విడిగా స్థానాలు లేవు. ‘స్త్రీ’ అని టైప్ చేస్తే లోపల దాచేది ఆరు గుర్తులు: స, పొల్లు, త, పొల్లు, ర, ఈ గుడి. వాటిని కలిపి ఒకే అక్షరంగా అల్లే పని ఫాంట్‌లో ఉన్న నియమాలు, సాఫ్ట్‌వేర్‌లో ఉన్న షేపింగ్ ఇంజన్ కలిసి చేస్తాయి. ఈ ఇద్దరిలో ఎవరు పని మానేసినా అక్షరం విడిపోతుంది.

రెండో జాతి పాత డీటీపీ ఫాంట్లు. అను లాంటివి ఈ కోవకు చెందినవి. యూనికోడ్ రాకముందు, వచ్చాక కూడా చాలా ఏళ్లు తెలుగు పుస్తకాలు, కరపత్రాలు, పెళ్లి శుభలేఖలు వీటితోనే నడిచాయి. పేజ్‌మేకర్‌కి యూనికోడ్ తెలియదు కాబట్టి అప్పట్లో ఇంకో దారి లేదు. ఈ ఫాంట్లలో ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు ఉండాల్సిన గళ్లలో తెలుగు అక్షరాల ముక్కలు బొమ్మలుగా పెట్టి ఉంటాయి. కంప్యూటర్ దృష్టిలో అది తెలుగే కాదు, ఏవో ఇంగ్లీషు గుర్తుల వరస. ఫాంట్ తీసేస్తే మిగిలేది పిచ్చి గీతలే.

తేడా ఇక్కడ చూడండి. యూనికోడ్‌లో ఫాంట్ పోతే అందం పోతుంది, మాట మిగులుతుంది. పాత ఫాంట్‌లో ఫాంట్ పోతే మాటే పోతుంది. వెతికితే దొరకదు, కాపీ చేస్తే రాదు, ఫోన్‌లో చదవడం కుదరదు.

అయితే పాత ఫాంట్ల అందాన్ని తక్కువ చేయాల్సిన పని లేదు. ఇప్పటికీ చాలా ప్రెస్సుల్లో వాటితోనే పని జరుగుతోంది. ఒక హెడ్డింగు కోసం వాడాలనిపిస్తే కొన్న కాపీతో వాడుకోండి. కథ, కవిత, వ్యాసం లాంటి అసలు మేటర్‌కి మాత్రం యూనికోడే ఉండాలి. ఈ రెండు జాతులనూ ఒకే ఫోల్డర్‌లో కలిపి పెట్టకండి.

3. ఎన్ని ఫాంట్లు కావాలి?

చాలామంది డిజైన్ మొదలుపెట్టగానే ‘5,000 ఫాంట్ల ప్యాక్’ ఒకటి దింపుకుని మొత్తం సెలెక్ట్ చేసి ఇన్‌స్టాల్ కొట్టేస్తారు. దాంతో మూడు ఇబ్బందులు. సాఫ్ట్‌వేర్ తెరుచుకోవడం నెమ్మదిస్తుంది. ఫాంట్ మెనూలో కావాల్సింది వెతకడానికే పుణ్యకాలం గడిచిపోతుంది. అన్నిటికంటే ముఖ్యం, ఏ ఫాంట్ ఎక్కడిది, దాన్ని వాడే హక్కు మనకుందా అనేది తెలియదు.

తెలుగు పత్రిక, పోస్టరు, సోషల్ మీడియా కార్డులు చేసే టీమ్‌కి పది పన్నెండు తెలుగు కుటుంబాలు సరిపోతాయి. అన్నీ గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరుకుతాయి.

బాడీ మేటర్‌కి నోటో సెరిఫ్ తెలుగు, నోటో శాన్స్ తెలుగు, టైరో తెలుగు, మండలి చూడండి. రకరకాల మందాలు కావాలంటే హింద్ గుంటూరు (ఐదు మందాలు), అనేక్ తెలుగు, బాలూ తమ్ముడు 2 ఉన్నాయి. అనేక్‌లో మందంతో పాటు వెడల్పు కూడా మార్చుకోవచ్చు, ఇరుకు బ్యానర్లలో అది బాగా అక్కరకొస్తుంది.

శీర్షికలకైతే సిలికానాంధ్ర వారి ఫాంట్ల వరస ఉంది. పేర్లు చదువుతుంటే భువనవిజయంలో అడుగుపెట్టినట్టే ఉంటుంది: పెద్దన, తిమ్మన, ధూర్జటి, మల్లన, రామభద్ర, సూరన, రామరాజ, తెనాలి రామకృష్ణ. పక్కనే శ్రీకృష్ణదేవరాయ కూడా. ఆధునికుల్లో గిడుగు, గురజాడ, సురవరం ఉన్నారు. సాహిత్య క్లబ్‌కి ఇంతకన్నా ఏం కావాలి!

ఒక జాగ్రత్త. ఈ దిగ్గజాలు దాదాపు అందరూ ఒకే మందంతో వస్తారు, విడిగా బోల్డ్ ఫైలు ఉండదు. మీరు ‘బి’ బటన్ నొక్కితే కొన్ని సాఫ్ట్‌వేర్లు అక్షరం అంచులను లావు చేసి దొంగ బోల్డ్ తయారు చేస్తాయి. ఒత్తుల మధ్య ఉండే సన్నటి ఖాళీలు పూడుకుపోతాయి. చిన్న సైజులో ‘ఘ’కీ ‘ఝ’కీ కూడా తేడా తెలియడం కష్టమవుతుంది. బోల్డ్ కావాలంటే నిజంగా బోల్డ్ ఉన్న కుటుంబాన్ని ఎంచుకోండి. లేదంటే సైజు పెంచండి, రంగు మార్చండి.

4. లైసెన్సు సంగతి

‘ఫ్రీగా దొరికింది’ అంటే ‘వాడుకోవచ్చు’ అని అర్థం కాదు. కొన్ని ఫాంట్లు వ్యక్తిగత వాడకానికే ఉచితం. స్పాన్సర్ లోగో పడిన ఫెస్ట్ పోస్టరు వ్యక్తిగతం కిందకి వస్తుందని ధీమాగా చెప్పలేం. కొన్నిటిని వాడొచ్చు గానీ ఇంకొకరికి కాపీ ఇవ్వకూడదు. విండోస్‌తో వచ్చే నిర్మలా యూఐ లాంటివి ఈ రకం. ఆ ఫైలుని పెన్‌డ్రైవ్‌లో వేసి పంచడానికి అనుమతి లేదు.

పైన చెప్పిన గూగుల్ ఫాంట్స్ తెలుగు కుటుంబాలు ఓపెన్ ఫాంట్ లైసెన్సు కింద ఉన్నాయి. దాని సారాంశం: వాడుకోవచ్చు, ప్రింట్ చేసి అమ్ముకోవచ్చు, కాపీ ఇవ్వొచ్చు, మార్చుకోవచ్చు. ఫాంట్‌ని ఒక్కదాన్నే సరుకుగా అమ్మడం మాత్రం కుదరదు. మనకు కావాల్సింది సరిగ్గా ఇదే. జూనియర్‌కి డిజైన్ ఫైలుతో పాటు ఫాంట్ ఫైలు కూడా ధైర్యంగా ఇవ్వొచ్చు. ఫాంట్ దింపుకున్నప్పుడు జిప్‌లో ఫాంట్‌తో పాటు లైసెన్సు ఫైలు ఒకటి వస్తుంది. దాన్ని పారేయకండి, ఫాంట్ పక్కనే ఉంచండి.

5. సర్దుకునే పద్ధతి

మొదటి మెట్టు: విండోస్ ఫోల్డర్‌కి బయట, మీ డాక్యుమెంట్లలోనో డ్రైవ్‌లోనో ‘ఫాంట్ల గూడు’ అని ఒక ఫోల్డర్ పెట్టుకోండి. అందులో నాలుగు చిన్న ఫోల్డర్లు: తెలుగు బాడీ, తెలుగు శీర్షికలు, ఇంగ్లీషు, పాత డీటీపీ. ఒక్కో కుటుంబానికి ఒక్కో ఫోల్డర్, అందులో లైసెన్సు. ఇదే మీ అసలు నిల్వ. కంప్యూటర్ ఫార్మాట్ చేసినా ఇది మిగలాలి.

రెండో మెట్టు: రోజూ వాడే ఆరేడు కుటుంబాలు మాత్రమే ఇన్‌స్టాల్ చేయండి. విండోస్‌లో ఫాంట్ మీద రైట్ క్లిక్ చేస్తే రెండు ఆప్షన్లు వస్తాయి. ఉత్త ‘ఇన్‌స్టాల్’ నొక్కితే ఆ ఫాంట్ మీ యూజర్ ఖాతాలోకి మాత్రమే వెళ్తుంది. కొన్ని పాత సాఫ్ట్‌వేర్లకు అది కనిపించదు. ‘ఇన్‌స్టాల్ ఫర్ ఆల్ యూజర్స్’ నొక్కితే అందరికీ కనిపిస్తుంది. ఇన్‌స్టాల్ చేసిన ఫాంట్ మెనూలో లేదంటే ముందు సాఫ్ట్‌వేర్ మూసి తెరవండి, అప్పటికీ రాకపోతే ఈ తేడా చూడండి. ల్యాబ్ కంప్యూటర్లలో రెండోదానికి అడ్మిన్ పాస్‌వర్డ్ కావాలి.

మూడో మెట్టు: మిగతా ఫాంట్లకి ఫాంట్ మేనేజర్ వాడండి. విండోస్‌కి నెక్సస్‌ఫాంట్, విండోస్, మ్యాక్, లైనక్స్ మూడింటికీ ఫాంట్‌బేస్ ఉచితంగా దొరుకుతాయి. మ్యాక్‌లో ఫాంట్ బుక్ ముందే ఉంటుంది. వీటితో ఫాంట్‌ని ఇన్‌స్టాల్ చేయకుండానే చూడొచ్చు, మీ వాక్యం టైప్ చేసి అన్ని ఫాంట్లలో ఒకేసారి పోల్చుకోవచ్చు. నెక్సస్‌ఫాంట్, ఫాంట్‌బేస్‌లలో పని ఉన్నంతసేపు ఆన్ చేసి తర్వాత ఆఫ్ చేయొచ్చు. ‘పత్రిక’, ‘ఫెస్ట్ పోస్టర్లు’ అని గుంపులు చేసుకుంటే ఆ పని మొదలుపెట్టినప్పుడు ఆ గుంపు మాత్రమే ఆన్ చేయొచ్చు.

నాలుగో మెట్టు: డూప్లికేట్లు ఏరేయండి. ఒకే పేరుతో రెండు వెర్షన్లు ఉంటే సాఫ్ట్‌వేర్ ఏది తీసుకుంటుందో చెప్పలేం. ముఖ్యంగా నోటో, అనేక్ లాంటివి రెండు రూపాల్లో వస్తాయి: ఒకే ఫైలులో అన్ని మందాలూ ఉండే వేరియబుల్ రూపం, ఒక్కో మందానికి ఒక్కో ఫైలు ఉండే స్టాటిక్ రూపం. రెండూ ఒకేసారి పెట్టకండి. పాత సాఫ్ట్‌వేర్లు వేరియబుల్ ఫాంట్లను సరిగ్గా చూపించవు కాబట్టి, ఫైలు నలుగురి చేతులు మారుతుందంటే స్టాటిక్ పెట్టుకోవడమే క్షేమం.

6. పరీక్ష వాక్యం

కొత్త తెలుగు ఫాంట్ దొరకగానే ‘అమ్మ’, ‘తెలుగు’ అని రాసి చూసి సరే అనుకుంటాం. ఈ మాటల్లో ఏ ఫాంటైనా పాసవుతుంది. కష్టమైన మాటలతో చూడాలి. ఇది కాపీ చేసి దాచుకోండి:

శ్రీకృష్ణ, స్త్రీ, రాష్ట్రం, జ్యోత్స్న, తత్త్వం, క్షేత్రజ్ఞుడు, వాఙ్మయం, సంస్కృతి, ఋణం, దుఃఖం, ఱంపం, సాఫ్ట్‌వేర్, ₹2,500, ౧౨౩, ‘కోట్’ – “కోట్”

ఏం చూడాలంటే: ‘జ్యోత్స్న’లో ‘త’ కింది రెండు ఒత్తులూ వచ్చాయా, ఒకదాని మీద ఒకటి ఎక్కాయా? ‘స్త్రీ’ కింద ఒత్తులు తర్వాతి లైను గుడులకు తగులుతున్నాయా? ₹ గుర్తు ఉందా? ఈ గుర్తు 2010లోనే పుట్టింది కాబట్టి అంతకుముందు తయారై తర్వాత మార్చని ఫాంట్లలో ఉండదు. దాని బదులు ఖాళీ గడి వస్తుంది, లేదా వేరే ఫాంట్ నుంచి అరువు తెచ్చుకుని అతుకు వేసినట్టు కనిపిస్తుంది. టికెట్ ధర రాసే పోస్టరుకి ఇది చిన్న విషయం కాదు.

‘సాఫ్ట్‌వేర్’లో ఇంకో కిటుకు ఉంది. ‘ట్’కీ ‘వే’కీ మధ్య కంటికి కనిపించని ఒక గుర్తు ఉంటుంది. అది లేకపోతే ‘వ’ ఒత్తుగా మారి ‘సాఫ్ట్వేర్’ అవుతుంది. ఒక చోట నుంచి ఇంకో చోటికి మేటర్ మార్చేటప్పుడు ఈ గుర్తు జారిపోతుంటుంది. ప్రూఫ్ చూసేవాళ్లు ఇంగ్లీషు మాటల మీద ఒక కన్నేసి ఉంచాలి.

7. ఫాంట్ బాగానే ఉంది, అక్షరాలు విడిపోతున్నాయి

అప్పుడు లోపం షేపింగ్ వైపు ఉంది. సెట్టింగ్ ఒకటి మార్చాలి.

ఇన్‌డిజైన్‌లో పేరాగ్రాఫ్ ప్యానెల్ మెనూలోకి వెళ్లి అడోబ్ వరల్డ్-రెడీ పేరాగ్రాఫ్ కంపోజర్ ఎంచుకోండి. పేరాగ్రాఫ్ స్టైల్‌లోనే దాన్ని పెట్టేస్తే ప్రతిసారీ మార్చే పని ఉండదు. ఇల్లస్ట్రేటర్‌లో ప్రిఫరెన్సెస్‌లో టైప్ దగ్గర ‘షో ఇండిక్ ఆప్షన్స్’ టిక్ చేసి, తర్వాత పేరాగ్రాఫ్ ప్యానెల్ మెనూలో మిడిల్ ఈస్టర్న్ అండ్ సౌత్ ఏషియన్ కంపోజర్ తీసుకోండి. పాత ఫోటోషాప్‌లలో కూడా ప్రిఫరెన్సెస్‌లో టైప్ దగ్గరే మార్చాలి, కొత్తవాటిలో ఆ బాధ తగ్గింది. ఇంక్‌స్కేప్, గింప్, కొత్త స్క్రైబస్ ఏ సెట్టింగూ లేకుండానే తెలుగుని సరిగ్గా అల్లుతాయి. లైసెన్సు కొనే స్తోమత లేని క్లబ్బులకి ఇదొక మంచి వార్త.

లిబ్రెఆఫీస్‌లో ఫాంట్ మార్చినా తెలుగు మారట్లేదంటే, క్యారెక్టర్ డైలాగ్‌లో ఇంగ్లీషుకి ఒక ఫాంట్, కాంప్లెక్స్ లిపులకి ఇంకో ఫాంట్ విడివిడిగా ఉంటాయని గుర్తుంచుకోండి. తెలుగుకి రెండోది మార్చాలి.

8. ఫైలు చేయి దాటే ముందు

ఎవరికి ఇస్తున్నాం అనేదాన్ని బట్టి మూడు దారులు.

ప్రింటింగ్ షాపుకైతే పీడీఎఫ్ ఇవ్వండి. ఇచ్చే ముందు అడోబ్ రీడర్‌లో ఫైలు ప్రాపర్టీస్ తెరిచి ఫాంట్స్ ట్యాబ్ చూడండి. ప్రతి ఫాంట్ పేరు పక్కన ‘ఎంబెడెడ్’ అని ఉండాలి. ఒక్కదాని పక్కన లేకపోయినా అది షాపులో మారిపోయే ప్రమాదం ఉంది. షాపతను కోరల్‌డ్రా ఫైలో, ఇల్లస్ట్రేటర్ ఫైలో అడిగితే అక్షరాలను అవుట్‌లైన్లుగా మార్చిన కాపీ ఇవ్వండి. అవుట్‌లైన్ చేశాక అవి బొమ్మలే, తప్పు దిద్దడం కుదరదు. అందుకే అసలు ఫైలుని వేరే పేరుతో దాచుకున్నాకే అవుట్‌లైన్ చేయాలి.

తోటి డిజైనర్‌కైతే ప్యాకేజీ ఇవ్వండి. ఇన్‌డిజైన్‌లో ఫైల్ మెనూలో ప్యాకేజ్ నొక్కితే ఫైలు, బొమ్మలు, ఫాంట్లు ఒకే ఫోల్డర్‌లోకి చేరతాయి. అందులోని ‘డాక్యుమెంట్ ఫాంట్స్’ ఫోల్డర్ ఫైలు పక్కనే ఉన్నంతకాలం ఇన్‌డిజైన్ ఆ ఫాంట్లను తనంతట తానే తీసుకుంటుంది, ఇన్‌స్టాల్ కూడా అక్కర్లేదు. ఈ సదుపాయం లేని సాఫ్ట్‌వేర్‌లో మనమే చేత్తో ‘ఫాంట్స్’ ఫోల్డర్ పెట్టి జిప్ చేయాలి. వర్డ్, లిబ్రెఆఫీస్ రెండింటిలోనూ డాక్యుమెంట్‌లోనే ఫాంట్ పొదిగే ఆప్షన్ ఉంది.

భవిష్యత్తుకైతే మేటర్ ఇవ్వండి. ఇది అందరూ మర్చిపోయే దారి. పీడీఎఫ్ ఉంది కదా అనుకుంటాం. కానీ పీడీఎఫ్‌లో ప్రధానంగా ఉండేది అక్షరాల ఆకారాలు. యూనికోడ్‌తో చేసిన తెలుగు పీడీఎఫ్ నుంచి కాపీ చేసినా చాలాసార్లు ఒత్తులు అటూ ఇటూ అయ్యి వస్తాయి. అందుకని ప్రూఫ్ అయిన తుది మేటర్‌ని, ఒక్కో రచనకి ఒక్కో మామూలు టెక్స్ట్ ఫైలుగా, యూనికోడ్‌లో విడిగా దాచాలి. దానికి ఏ ఫాంటూ అక్కర్లేదు, ఏ సాఫ్ట్‌వేర్ మూతపడినా భయం లేదు.

9. కాలేజీలో ఈ పని ఎందుకు ఇంకా ముఖ్యం

ఆఫీసులో ఒక డిజైనర్ కొన్నేళ్లు ఉంటాడు. కాలేజీ పత్రికకి డిజైనర్ ఉండేది మహా అయితే రెండేళ్లు. ఫైనలియర్ అన్న, అక్క పాసై వెళ్లిపోతే ల్యాప్‌టాప్ కూడా వాళ్లతోనే వెళ్తుంది. దాంట్లో ఉన్న ఫాంట్లూ వెళ్తాయి. పత్రిక టెంప్లేట్ మాత్రం డ్రైవ్‌లో మిగులుతుంది. కొత్త బ్యాచ్ దాన్ని తెరిస్తే గులాబీ రంగు పూసిన లైన్లు కనిపిస్తాయి. ఫాంట్ దొరకని చోట ఇన్‌డిజైన్ వేసే రంగు అది. అక్కడి నుంచి ప్రతి బ్యాచ్ మళ్లీ మొదట్నుంచి మొదలుపెడుతుంది.

డీటీపీ ఫాంట్లలో చేసిన పాత సంచికల సంగతి ఇంకా కష్టం. అందులో ఎవరో మొదటిసారి రాసిన కథ ఉంటుంది. రాసినవాళ్లకు కూడా వేరే కాపీ ఉండకపోవచ్చు. వాటిని యూనికోడ్‌లోకి మార్చే కన్వర్టర్లు ఉన్నాయి, కానీ ఫలితాన్ని గుడ్డిగా నమ్మలేం. ఒత్తులు, అంకెలు, మధ్యలో వచ్చే ఇంగ్లీషు మాటలు తప్పుతుంటాయి. మార్చిన ప్రతి పేజీని పాత ప్రింటుతో పోల్చి ఒక మనిషి చదవాల్సిందే. ఆ ఫాంట్లు ఉన్న కంప్యూటర్ ఇంకా పనిచేస్తున్నప్పుడే ఈ పని జరగాలి. అప్పటిదాకా ఆ సంచికల ప్రింట్లు స్కాన్ చేసైనా పెట్టుకోవాలి.

అందుకే బ్యాచ్ మారేటప్పుడు కొత్త టీమ్‌కి ఈ ఐదూ అప్పగించండి:

ఒకటి, లైసెన్సులతో సహా ఫాంట్ల గూడు.
రెండు, పత్రిక టెంప్లేట్ ప్యాకేజీ.
మూడు, ఏ ఫాంట్, ఏ సైజు, ఎంత లైన్ ఎడం ఎక్కడ వాడామో రాసిన ఒక పేజీ.
నాలుగు, పైన ఇచ్చిన పరీక్ష వాక్యం.
ఐదు, ప్రతి సంచిక మేటర్ యూనికోడ్ టెక్స్ట్‌లో.

అప్పగించాక ఒక చిన్న పరీక్ష పెట్టండి. ఆ ఫోల్డర్‌ని ఎప్పుడూ తెలుగు డిజైన్ చేయని ఒక ఫస్టియర్ ల్యాప్‌టాప్‌లోకి కాపీ చేసి, మీరు మాట్లాడకుండా పక్కన కూర్చోండి. ఆ తమ్ముడో చెల్లో ఎవర్నీ అడగకుండా టెంప్లేట్ తెరిచి, ఒక కవిత పేస్ట్ చేసి, సరైన పీడీఎఫ్ తీయగలిగితే మీ సర్దుబాటు పూర్తయినట్టే. ఎక్కడ ఆగితే అక్కడ ఏదో తక్కువైందని అర్థం. అది రాసి ఆ ఒక్క పేజీలో చేర్చండి.